రాతి మేకు

పాత కట్టడాల రక్షిత జాబితాలోని ఇల్లు కూలిందంటే, కూల్చింది ఆ ఇంటివాళ్ళే. ఆ వీధిలో ఈ మాట మీద ఎవరూ వాదించరు. పొద్దు తూర్పున పొడుస్తుందన్నంత నిశ్చింతగా చెప్పుకుంటారు. ఆ నమ్మకానికి ఆధారం లేకపోలేదు. జాబితాకెక్కిన ఇంటి ముఖభాగాన్ని యజమాని మార్చకూడదు, రంగు వేయకూడదు, బోర్డు తగిలించకూడదు, పైన మేడ లేపకూడదు. అదే ఇల్లు తనంతట తాను కూలిపోతే మాత్రం దానితోపాటు నియమమూ కూలుతుంది. మిగిలిన జాగాలో పక్కింటి ఎత్తున కట్టుకోవచ్చు. అందుకే వానాకాలానికి ముందు కొన్ని ఇళ్ళ పెంకులు వాటంతటవే జారిపోతుంటాయి, తూముల్లోకి గుడ్డపేలికలు వాటంతటవే దూరుతుంటాయి.

అయితే చాలాసార్లు నిజమైనది ప్రతిసారీ నిజమై తీరాలన్న నిబంధన ఏ జాబితాలోనూ లేదు.

మధ్యాహ్నం ఒంటిగంటకు ఆ వీధి మొదట్లో ఆటో దిగిన మనిషి ఈ రెండో మాటనే నమ్మేది. ప్రభుత్వ రసాయన పరీక్షాశాలలో ఉద్యోగమంతా గడిపి, విరమణ తరువాత సొంతంగా నేర పరిశోధన చేపట్టిన ఆమెను పోలీసులు ఒకప్పుడు చాటుగా లిట్మస్ అనేవారు. ఇప్పుడు ఎదురుగానే అంటున్నారు.

"రండి, లిట్మస్ మేడమ్!" అన్నాడు ఇన్‌స్పెక్టర్, కూలిన గుమ్మం ముందు కట్టిన తాడు మీద చెయ్యి వేసి. "మీరు రిటైరైన రోజు మా స్టేషన్లో స్వీట్లు పంచుకున్నాం, తెలుసా?"

"తెలుసు. మిగిలినవి నాకూ పంపారు. పాచిపోయాయి."

అతడు నవ్వాడు గాని తాడు ఎత్తలేదు. "ఇందులో మీకు పనేం లేదండీ. చెప్తా వినండి. ఉదయం ఐదూ ఇరవైకి రాతి గుమ్మం కూలింది. పైరాయి, నిలువురాళ్ళు, దాని మీది గోడ, అన్నీ. వీధి ఊడ్చే ఆవిడ ఆ పక్కనే ఉంది. భుజం విరిగింది, ప్రాణానికి ఫర్వాలేదు. రాళ్ళ కింద బస్సు జాకీ దొరికింది. ఇంటావిడ తమ్ముడు బస్సు డ్రైవరు. ఇంకేం కావాలి?"

"జాకీ ఉన్నవాళ్ళంతా గుమ్మాలు కూలుస్తారా?"

"ఇంటిని జాబితాలోంచి తీసేయమని వాళ్ళక్క మూడేళ్ళ కిందట అర్జీ పెట్టుకుంది. పరిరక్షణ సంఘం కుదరదంది. అప్పట్నుంచి ఎప్పుడు పడుతుందా అని చూస్తున్నారు. పడకపోయేసరికి పడేశారు. తమ్ముడు లాకప్‌లో ఉన్నాడు. నాలుగింటికి పరిరక్షణ సంఘం మీటింగు. కావాలని కూల్చారని వాళ్ళు తీర్మానం రాశారంటే ఈ జాగాలో ఇరవై ఏళ్ళు ఇటుక మీద ఇటుక పెట్టడానికి లేదు. తమ్ముడు కోర్టుకి, అక్క వీధికి."

"నన్ను పిలిపించింది ఆ అక్కే."

"మునిగేవాళ్ళు గడ్డిపోచని కూడా పట్టుకుంటారు. మిమ్మల్ని అనడం లేదు లెండి."

తాడుకు అవతల ఖాళీ లారీ ఒకటి వెనక తలుపు దించుకుని నిలబడి ఉంది. ఆమె చూపు దాని మీద ఆగింది.

"అదా? పడిన చెక్కడపు రాళ్ళు సంఘం గోదాముకి చేరాలని రూలు. సంఘం సలహాదారుగారు లారీ స్వయంగా తెచ్చారు. మూడింటికి ఎత్తేస్తారు."

"ఎత్తనివ్వకండి."

"మీరు చెప్తే వినడానికి నేను మీ ల్యాబులో బంట్రోతునా?"

"కాదు. అతను ఒక్కసారి చెప్తే వినేవాడు."

ఇన్‌స్పెక్టర్ ముఖం ఎర్రబడింది. తాడు మాత్రం ఎత్తాడు.

*

ఇంటి యజమానురాలిని వీధిలో అందరూ గడియారాలక్క అంటారు. తండ్రి నుంచి నేర్చుకున్న వాచీల మరమ్మతుతో తమ్ముణ్ణి చదివించింది, తాను పెళ్ళి చేసుకోలేదు. ముందుగది శిథిలమయింది కాబట్టి పనిబల్లను వెనుకగదిలోకి లాక్కుని, కంటికి భూతద్దం తగిలించుకుని కూర్చుని ఉంది. ఎవరిదో వాచీ వెనక మూత విప్పుతోంది.

పరిశోధకురాలు గడప దాటబోతుండగా తల ఎత్తకుండానే అడిగింది: "మేడమ్, మీ సంచీలో అయస్కాంతం గానీ ఉందా?"

"ఉంది. ఎలా తెలిసింది?"

"తెలీదు. ఎవరొచ్చినా అడుగుతాను. బయట అరుగు మీద పెట్టి రండి, దయచేసి. ఇవన్నీ పరాయి వాళ్ళ వాచీలు. అయస్కాంతం తగిలితే వాటికి పిచ్చెక్కుతుంది."

ఆమె చెప్పినట్టే చేసి వచ్చింది. తన సామాను బయట పెట్టించిన సాక్షి ఆమెకు ఇంతవరకు తగల్లేదు.

గోడ మీద ఏడు గడియారాలు ఏడు రకాల సమయం చూపిస్తున్నాయి.

"ఇవేమైనా పొద్దున ఆగాయా?"

"ఆగినవన్నీ ముందే ఆగినవండీ. బాగుచేయమని వచ్చినవి కదా! ఇన్‌స్పెక్టర్ గారు మాత్రం ఏడింటి టైమూ శ్రద్ధగా రాసుకుని వెళ్ళారు. వద్దంటే బాగోదని ఊరుకున్నాను."

"జాబితాలోంచి తీసేయమని అర్జీ పెట్టారట."

"పెట్టాను. ఎందుకు దాచాలి? వానొస్తే నాలుగు బకెట్లు, ఒక గంగాళం పెట్టుకుని నిద్రపోయేదాన్ని. కప్పు మార్చుకుంటానంటే వీధిలోంచి కనిపించే కప్పు కాబట్టి వద్దన్నారు. అయితే పేరే కొట్టేయండి అన్నాను. కొట్టెయ్యలేదు. దానికి బదులు సంఘమే వచ్చి మరమ్మతు చేయించింది. కప్పు, గుమ్మం రెండూ. అది రెండేళ్ళ కిందటి మాట. బాగా చేశారు, అబద్ధమెందుకు? కారడం ఆగిపోయింది. ఇక కూల్చుకోవాల్సిన కర్మ నాకేం పట్టింది?"

"గుమ్మానికి ఏం చేశారు?"

"విప్పి, మసి కడిగి, మళ్ళీ నిలబెట్టారు. సలహాదారుగారి సొంత పనివాళ్ళే చేయాలట. ఇంటివాళ్ళు అటు రాకూడదని రూలు."

"కడుగుతుంటే మీరు చూశారా?"

"నేను చూసింది ఆకుపచ్చ పరదా. నాలుగు నెలలు దాన్నే చూశాను."

"పరదా తీశాక ఏమైనా తేడా కనిపించిందా?"

"ఏమీ లేదండీ. అదే తీగ, అవే పక్షులు. ఎడమ రాయికి మా నాన్న కొట్టిన మేకు కూడా అలాగే ఉంది."

పరిశోధకురాలు కుర్చీని ముందుకు జరుపుకుంది. "చెక్కడపు రాయికి మేకా?"

గడియారాలక్క మొదటిసారి నవ్వింది. "షాపు బోర్డు తగిలించడానికి. రాయి సందులో సీసం పోసి మరీ దిగ్గొట్టాడు. కొట్టేటప్పుడు తల వంగింది, అలాగే వదిలేశాడు. మా తాత మూడు రోజులు ఆయనతో మాట్లాడలేదట. మా తమ్ముడి చొక్కాలు ఎన్ని చిరిగాయో దానికి తగులుకుని. ఇంట్లో ఏ తప్పు జరిగినా ఆ మేకునే తిట్టేవాళ్ళం."

"ఇప్పుడు దానికి బోర్డు లేదా?"

"జాబితాకెక్కాక బోర్డులు తీయించేశారు కదండీ. ఇక దానికి ఏం తగిలిస్తాం? దండం పెట్టుకోవడం తప్ప."

ఆ తరువాతి విషయాలను ఆమె వరుసగా చెప్పింది. నెల కిందట పైరాయి నడుమ సన్నటి పగులు కనిపించింది. వెంట్రుకంత ఉన్నది గోరంత అయింది. సంఘానికి ఉత్తరం రాసింది. సంఘంలో కొత్తగా చేరిన ఇంజనీరమ్మ వచ్చి చూసి, రాయిలో వేలి లోతు రంధ్రం తొలిచి లోపల ఎలా ఉందో చూడాలని, ఈరోజు పదింటికి యంత్రం తెస్తానని చెప్పి వెళ్ళింది. అంతవరకూ ఆ రాయి ఆగదేమోనని భయపడి తమ్ముడు డిపో నుంచి పాత జాకీ తెచ్చి, పలక వేసి, పైరాయికి ఆనించాడు.

"అనుమతి లేకుండా?"

"లేకుండానే. వాడు చేసింది తప్పేనండీ. నిన్న సాయంత్రం ఆరింటికి సలహాదారుగారు వచ్చి చూసి చిందులు తొక్కారు. ముందుగది ప్రమాదమని రెండు తలుపులకీ తాళాలు వేసి సీసపు ముద్రలు కొట్టి వెళ్ళారు."

"తరువాత మీ తమ్ముడు ఆ గదిలోకి వెళ్ళాడా?"

"ఎలా వెళ్తాడు? తెల్లవారుజామున నాలుగింటికే డ్యూటీకి పోయాడు." భూతద్దం తీసి బల్ల మీద పెట్టింది. "మేడమ్, ఆ గది గోడకి ఇవతలే నా మంచం. అక్క అక్కడ పడుకుని ఉందని తెలిసి వాడు జాకీ దించుతాడా? ఇన్‌స్పెక్టర్ గారికి తోబుట్టువులు లేరేమో అడగండి ఒకసారి."

*

రాళ్ళకుప్పను పరిశోధకురాలు చేతులతో కాక కళ్ళతో మొదట వెతికింది. ముందు జాకీని చూపించమంది.

అది మర జాకీ. పిడి తిప్పితే లేస్తుంది, ఎదురు తిప్పితే దిగుతుంది. రాళ్ళ దెబ్బకు పక్కకు ఒరిగి ఉంది గాని వంగలేదు. మర మొత్తం లోపలికి దిగి ఉంది.

"దొరికినప్పుడు ఇలాగే ఉందా?"

"ఇలాగే. ఫోటో కూడా ఉంది," అన్నాడు ఇన్‌స్పెక్టర్. "అదే కదా నేననేది! ముందు బిగించి పగులు పెద్దది చేశాడు. తరువాత దించేశాడు. ఆధారం పోయింది, రాయి పడింది."

"బరువు మీదపడి దిగిపోయి ఉండొచ్చా?"

"నూనె జాకీ అయితే దిగుతుంది. మర జాకీ విరిగినా విరుగుతుంది గానీ తిప్పకుండా దిగదు. నేనూ జీపు నడిపినవాణ్ణే."

"మంచిది. ఆ మాట గుర్తు పెట్టుకోండి. ఆ రెండు తలుపుల ముద్రలో?"

లోపలి తలుపు ముద్ర చెక్కుచెదరలేదు. వీధి తలుపు రెక్కలు ద్వారబంధంతో సహా రోడ్డు మీద వెల్లకిలా పడ్డాయి. కాని వాటిని కలిపి వేసిన తాళమూ, తాళానికి చుట్టిన తీగా, కరెంటు మీటరుకు ఉండేలాంటి సీసపు బిళ్ళా ఎలా ఉన్నవి అలాగే ఉన్నాయి. బిళ్ళ మీద సంఘం గుర్తు స్పష్టంగా ఉంది.

అప్పుడు ఎడమ నిలువురాయి ముక్కలను వెతికింది. తీగ చుట్టుకున్న భాగం, తోక విరిగిన పక్షి, మరో పక్షి సగం. దుమ్ము తుడుస్తూ పోతే మోకాలెత్తున్న ముక్క ఒకదాని అంచున మేకు కనిపించింది. తల ఒక పక్కకు వంగి ఉంది. తుప్పు రంగు. ఒక తండ్రి మొండితనం, ఒక కొడుకు చిరిగిన చొక్కాలు, అన్నీ దానిలో ఉన్నట్టే ఉంది.

అరుగు మీద నుంచి అయస్కాంతం తెచ్చి ఆ తలకు ఆనించింది. వదిలింది.

అయస్కాంతం జారి దుమ్ములో పడింది.

మళ్ళీ ఆనించింది. మళ్ళీ పడింది. జాకీకి ఆనిస్తే టక్కున అతుక్కుంది. కాబట్టి అయస్కాంతంలో లోపం లేదు. గోటితో మేకు తల గీరింది. తుప్పు రంగు పొరగా లేచి వచ్చింది. దాని కింద బూడిద రంగు రాయి.

"ఏమిటి ఆట?" అన్నాడు ఇన్‌స్పెక్టర్.

"మీరు ఎప్పుడైనా రాతి మేకు చూశారా?"

"రాతిలో మేకా?"

"రాతిలో మేకు కాదు. రాతితో మేకు. రాయికి రాతి మేకు ఎవరు కొడతారు, చెప్పండి?"

అతడు వంగి చూశాడు. తానూ గీరి చూశాడు. "ఎవడు చెక్కుతాడు దీన్ని, పనిలేక?"

"చెక్కేవాడు చెక్కడు. చెక్కేవాడికి ఇది పువ్వు కాదు, పక్షి కాదు, తుప్పుపట్టిన మేకు అని తెలుస్తుంది. తెలియనిది ఒక్క అచ్చుకే. దాని ముందు ఏది పెడితే దాన్ని దించుతుంది." ఆమె లేచి చీర దులుపుకుంది. "సలహాదారుగారిని పిలిపించండి. లారీ దగ్గరే ఉన్నట్టున్నారు. నేనడిగేటప్పుడు మీరు మధ్యలో మాట్లాడకండి. అది నా మీద గౌరవంతో కాకపోయినా, కుతూహలంతోనైనా."

*

పరిరక్షణ సంఘం సలహాదారు చొక్కా మీద ఒక్క మడత లేదు. రాళ్ళ మధ్య అడుగులు పిల్లిలా వేస్తూ వచ్చి, తోక విరిగిన పక్షిని చూసి నిట్టూర్చాడు. ఆ నిట్టూర్పు దొంగది కాదు.

"ఇరవై రెండు పక్షులుండేవి ఈ గుమ్మానికి. ఏ రెండూ ఒకలా ఉండవు. ఒకటి గింజ తింటుంది, ఒకటి నిద్రపోతుంది. ఒక బస్సు డ్రైవరు పుణ్యమా అని అన్నీ పోయాయి."

"అతను ఏం చేశాడంటారు, సార్?"

"అతి చేశాడు. రాయికి ఒక ఓర్పు ఉంటుంది మేడమ్. పగిలిన పైరాయి కింద జాకీ పెట్టి మొండిగా బిగించాడు. రాత్రంతా ఆ ఒత్తిడి పనిచేసింది. తెల్లారేసరికి రాయి రెండయింది."

"బాగా బిగించాడా? ఊరికే ఆనించి వదిలేశాడేమో."

"ఆనించడమా! నిన్న సాయంత్రం నేనే రెండు చేతులతో కదిపి చూశాను. ఇసుమంత కదల్లేదు. దించమంటే, దించితే పడుతుందని నాకే పాఠం చెప్పాడు."

"మీరు దింపించలేదా?"

"దించితే నిజంగానే పడేది. ఇంజనీరు వచ్చాక చూద్దామని గదికి ముద్రలు వేశాను."

"ఆ ముద్రలే నాకు అనుమానం. బజారులో సీసం దొరుకుతుంది, తీగ దొరుకుతుంది. ఎవరైనా విప్పి, లోపలికి వెళ్ళొచ్చి, అలాంటిదే మళ్ళీ వేసి ఉంటే?"

అతని కనుబొమలు పైకి లేచాయి. ఒక్క క్షణం అతడు అన్నిటినీ మరిచి, తన పనితనాన్ని ఎవరో శంకించారన్న కోపంతో నిండిపోయాడు. "అసాధ్యం! ముద్ర కొట్టే పటకారు నగరం మొత్తానికి ఒక్కటే. అది నా సంచీ దాటదు. ఆ బిళ్ళలు రెండూ చూశాను. నేను కొట్టినవే. విప్పితే తీగ తెగాలి, కొత్త తీగ వేస్తే కొత్త బిళ్ళ వేయాలి, దానికి నా పటకారు కావాలి."

"అంటే సాయంత్రం ఆరు తరువాత ఎవరూ లోపలికి పోలేదు."

"ఎవరూ పోలేదు."

"ఆరింటికి జాకీ బిగించి ఉంది."

"ఉందని చెప్పాను కదా!"

ఆమె పక్కకు తప్పుకుంది. ఆమె వెనకాల, మర మొత్తం లోపలికి దిగిన జాకీ నేల మీద ఉంది.

"ఇన్‌స్పెక్టర్ గారూ, మీ లెక్కలో ఆ డ్రైవరు జాకీ దించి రాయి పడేశాడు. సలహాదారుగారి లెక్కలో దించకుండా రాయి పగలగొట్టాడు. ఒక్క మనిషిని రెండు నేరాలకి పట్టుకున్నారు. రెండూ ఒకేసారి జరగడానికి వీల్లేదు. ఈయన చూసినప్పుడు జాకీ పైకి ఉంది. మీరు చూసినప్పుడు కిందికి ఉంది. తిప్పకుండా దిగదని చెప్పింది మీరే. నడుమ ముద్ర విప్పి, ఆ గదిలోకి పోయి, మళ్ళీ అదే ముద్ర కొట్టగలిగిన చేతులు ఎవరివి?"

ఇన్‌స్పెక్టర్ సలహాదారు చేతుల వైపు చూశాడు. ఆ చూపుతో సలహాదారు వాటిని జేబుల్లో పెట్టుకున్నాడు.

"ఇది అసంబద్ధం," అన్నాడు. గొంతు మాత్రం మారలేదు. "ఈ వీధిని జాబితాకెక్కించిందే నేను. నా బిడ్డ లాంటి గుమ్మాన్ని నేనెందుకు కూల్చుకుంటాను?"

"ఈ రోజు పదింటికి ఇంజనీరమ్మ దాన్ని తొలవాల్సి ఉంది కాబట్టి. తొలిస్తే లోపలున్నది బయటికొస్తుంది కాబట్టి." ఆమె సంచీలోంచి చిన్న సీసా తీసింది. "బడిలో మేష్టారు సున్నపు నీళ్ళలో ఒక చుక్క వేసి గులాబీ రంగు చేసి చప్పట్లు కొట్టించుకునేవారు, గుర్తుందా ఇన్‌స్పెక్టర్ గారూ? ఇది అదే. సిమెంటు, కొత్త సున్నం తగిలితే గులాబీ రంగుకు తిరుగుతుంది. ఇలాంటి ఇసుకరాయికి తిరగదు. నా మాట నమ్మకండి. సుత్తి మీరే పట్టుకోండి."

మొదట ఇంటి మెట్టు రాయిని చూపించింది. మరమ్మతులో ఎవరూ కదపని రాయి అది. ఇన్‌స్పెక్టర్ సుత్తితో అంచు కొట్టాడు. కొత్తగా విరిగిన ముఖం మీద రెండు చుక్కలు వేసింది. తడిసింది, అంతే. తరువాత పక్కగోడలో రాళ్ళ నడుమ ఉన్న పాత సున్నం. దానికీ రంగు రాలేదు. దానికి ఆ గుణం పోయి చాలా కాలమయింది. తరువాత పైరాయి ముక్క.

"దుమ్ము మీద వద్దు. నట్టనడుమ పగలగొట్టండి."

మూడు దెబ్బలకు విరిగింది. చుక్కలు పడ్డాయి. బూడిద రంగు ముఖం మీద గులాబీ మచ్చ పుట్టి, చూస్తుండగా అరచేతంత పాకింది.

వెనక గుమ్మంలో నిలబడిన గడియారాలక్క "అమ్మో!" అంది. "రాయి సిగ్గుపడుతోందేమిటండీ?"

"రాయి కాదమ్మా. రాతిపొడి కలిపిన సిమెంటు పోత. మీ గుమ్మానికి అచ్చు తీసి, పోత పోసి, పరదా వెనకాల నిలబెట్టారు. మేకుతో సహా. ఇనుము పెడితే ఎప్పటికైనా బయటపడుతుందని లోపల ఒక్క చువ్వ కూడా పెట్టలేదు. అసలు రాయి మోసిన బరువు ఇది రెండేళ్ళు కూడా మోయలేకపోయింది. పగులు అందుకే వచ్చింది."

"మరి మా గుమ్మం?"

ఇన్‌స్పెక్టర్ సలహాదారు భుజం మీద చెయ్యి వేశాడు. "అడుగుతోంది కదా, చెప్పండి. వాళ్ళ గుమ్మం ఎక్కడ?"

సలహాదారు తోక విరిగిన పక్షిని కాలి బూటుతో మెల్లగా పక్కకు జరిపాడు. ఇప్పుడు దాని మీద అతనికి ఏ దిగులూ ఉన్నట్టు లేదు.

"ఎండకీ, వానకీ, బస్సుల పొగకీ అరిగిపోతుండేది. దాని ముందే నిలబడి పళ్ళు తోముకునేవారు, దానికి మేకులు కొట్టేవారు. ఇప్పుడు చూడ్డం తెలిసినవాళ్ళ దగ్గర భద్రంగా ఉంది. మీ వీధికి ఏం తక్కువయింది? ఒక్కళ్ళకైనా తేడా తెలిసిందా? ఈవిడ రోజూ దాని కిందనుంచే నడిచింది."

"నేను పళ్ళు పెరట్లో తోముకుంటాను," అంది గడియారాలక్క.

పరిశోధకురాలు అతని మాట వింటూ వీధికి అవతలి వైపు చూస్తోంది. ఎదుటి వరుసలో తీగలూ పక్షులూ ఉన్న గుమ్మాలు బారుగా కనిపిస్తున్నాయి. ఒకదాని కింద ఎవరిదో సైకిలు ఆనించి ఉంది.

"అమ్మా, ఆకుపచ్చ పరదా మీ ఒక్క ఇంటికే వేశారా?"

"అయ్యో, లేదండీ. వరుసగా వేసుకుంటూ వచ్చారు. మాకు ఎప్పుడొస్తుందా అని అందరం ఎదురుచూసేవాళ్ళం. మరమ్మతు ఊరికే కదా!"

ఆమె సీసా, ఒక చిన్న చాకు పట్టుకుని వీధి దాటింది. సైకిలు జరిపించి, నిలువురాయి అడుగున, ఎవరికీ కనిపించని మూల వంగింది. వెనక నుంచి సలహాదారు గొంతు లేచింది.

"రక్షిత శిల్పాన్ని గీరడం నేరం! ఆరు నెలల శిక్ష! ఆ నిబంధన రాసింది నేనే!"

ఇన్‌స్పెక్టర్ అతణ్ణి కానిస్టేబుల్‌కు అప్పగించి, తాను వీధి దాటి వచ్చి, ఆమె చేతిలోని చాకు తీసుకున్నాడు.

"రాసుకోండి సార్, కేసు. ముందు నా మీద రాయండి," అని గట్టిగా అరిచి, రాయిని గీరాడు. తరువాత గొంతు తగ్గించి, "ఎంత లోతు గీరాలి, మేడమ్?" అన్నాడు.

*

నాలుగింటికి పరిరక్షణ సంఘం సమావేశమయింది. సలహాదారు కుర్చీ ఖాళీగా ఉంది. కావాలని కూల్చిన నేరం గడియారాలక్క మీద గాని, ఆమె తమ్ముడి మీద గాని రుజువు కాలేదని తీర్మానించింది. అనుమతి లేకుండా జాకీ పెట్టినందుకు తమ్ముణ్ణి మందలించింది. స్టేషన్ నుంచి అతణ్ణి ఐదింటికి వదిలేశారు. జాకీ మాత్రం సాక్ష్యం కింద ఉంచుకున్నారు.

వీధిలో రక్షిత జాబితాలోని రాతి గుమ్మాలు, కూలినదానితో కలిపి, పదకొండు. సంఘం అనుమతితో, ఇంజనీరు సమక్షంలో, మిగిలిన పదింటికీ పరీక్ష జరిగింది. రెండు రంగు మారలేదు. ఎనిమిది గులాబీ రంగుకు తిరిగాయి.

ఆ ఎనిమిదింటిలో మూడింటికి పైరాయి నడుమ పగులు ఉంది. ఒకటి వెంట్రుకంత. రెండు గోరంత. ఆ మూడిళ్ళవాళ్ళనూ చీకటి పడకముందే ఖాళీ చేయించారు.